మీకు తెలుసా? దివిసీమ, పాము మందు, ఒక గాజు గొట్టం

దివిసీమలో ఫలానా ఆసుపత్రి మంచిదేనా అని అడిగి చూడండి. ఎన్ని అంతస్తులో, ఎన్ని మంచాలో ఎవరూ చెప్పరు. "పాము ఇంజెక్షన్ ఉంటదండీ అక్కడ" అంటారు. లేదంటే "ఉండదండీ, బందరు పోవాల్సిందే" అంటారు. కాలవలకు నీళ్లొదిలి నాట్లు మొదలయ్యాయంటే ఎలకలు గట్లెక్కుతాయి, వాటి వెనకాలే పాములు. అందుకే ఈసారి ముచ్చట్లు ఎక్కువగా దాని చుట్టూనే.

2018 ఆగస్టు గుర్తుందా? అవనిగడ్డ చుట్టుపక్కల పాముకాటు కేసులు వంద దాటాయని పత్రికలు రాశాయి. సర్కారు రెండు దార్లూ పట్టింది. ఆసుపత్రులకు మందు పంపింది, దేవాదాయ శాఖ చేత మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరస్వామి గుళ్లో సర్పశాంతి పూజలూ చేయించింది. చాలామంది నవ్వారు. నాకు నవ్వు రాలేదు. స్వామి పాము చుట్టల మీద వెలసిన చోటు అది. పైగా మందు సీసాలు కూడా వచ్చాయి కదా!

కరిచింది ఏ పామో తెలియకపోతే డాక్టరు ఏం చేస్తారు? పెద్ద మిషనేమీ అక్కర్లేదు. రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి, పొడిగా ఉన్న శుభ్రమైన గాజు గొట్టంలో పోసి, బల్ల మీద కదపకుండా 20 నిమిషాలు ఉంచుతారు. తర్వాత ఒక్కసారి వంచి చూస్తారు. గడ్డకట్టిందా, కాస్త ఊపిరి పీల్చుకుని కొంతసేపటికి మళ్లీ పరీక్ష చేస్తారు. నీళ్లలా జారిందా, అది పింజర విషం. గొట్టం గాజుదే కావాలి, ప్లాస్టిక్‌ది పనికిరాదు. సబ్బుపొడితో కడిగిన గొట్టమైనా లెక్క తప్పుతుంది. ఆ 20 నిమిషాలూ వరండాలో చుట్టాల కళ్లన్నీ గోడ గడియారం మీదే ఉంటాయి.

కట్లపాము సంగతి వేరు. దాని విషం ఈ గొట్టానికి దొరకదు. రాత్రిపూట నేల మీద పడుకున్నవాళ్లను కరుస్తుంది. చాలాసార్లు నొప్పీ ఉండదు, గాటూ కనపడదు. తెల్లారేసరికి కడుపులో నొప్పి, కనురెప్పలు వాలిపోవడం. అది అజీర్తి అనుకోకుండా రెప్పల్ని చూసి పట్టేసే డాక్టరు దొరికితే మనిషి బతికినట్టే.

ఇక మందు. చెన్నై దగ్గర వడనెమ్మేలిలో ఇరుళ్ల సహకార సంఘం ఉంది, 1978లో పెట్టారు. పాముల్ని పట్టి, విషం తీసి, మళ్లీ అడవిలో వదిలేస్తారు. ఆ విషాన్ని కొద్దికొద్దిగా గుర్రాలకు ఎక్కిస్తే వాటి రక్తంలో విరుగుడు పుడుతుంది. దాన్ని శుద్ధి చేసి పొడిగా సీసాల్లో నింపుతారు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, నాలుగింటికీ మందు ఒకటే. మొదటి విడతలో మామూలుగా 8 నుంచి 10 సీసాలు ఎక్కుతాయి. పసిపిల్లకైనా, ఆరడుగుల మనిషికైనా డోసు అంతే! ఎదురుగా ఉన్నది పిల్లని పాము విషం తగ్గించదు కదా.

రక్తపింజరకు ఇంగ్లీషులో రస్సెల్స్ వైపర్ అని పేరు. ఆ రస్సెల్ దొర కూడా డాక్టరే. విశాఖపట్నంలో ఉండి మన తీరం పాముల మీద 1796లో పెద్ద పుస్తకం అచ్చువేయించాడు, అందులో తెలుగు పేర్లు విన్నవి విన్నట్టు రాసుకున్నాడు. దీని పేరు 'కాటుక రేకుల పొడ' అట. ఎంత ముచ్చటైన పేరు పోగొట్టుకున్నామో! కట్లపాముల శాస్త్రీయ నామం 'బంగారస్' కూడా మన 'బంగారు' నుంచి వెళ్లిందే.

డాక్టర్లంటే గుర్తొచ్చింది. 1923లో బందరులో ఆంధ్రా బ్యాంకు పెట్టిన భోగరాజు పట్టాభి సీతారామయ్య మద్రాసులో వైద్యం చదివి, ఆ ఊళ్లోనే ప్రాక్టీసు పెట్టి, జాతీయోద్యమం కోసం దాన్ని వదిలేసిన మనిషి. గుడివాడ వాళ్ల లెక్క ఇంకోటి. అక్కడి గురురాజు హోమియో కాలేజీ 1945 నాటిది. బందరుకు ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది మాత్రం 2023లోనే, 150 సీట్లతో. జిల్లా ఆసుపత్రి బోధనాసుపత్రి అయింది.

మళ్లీ పాము దగ్గరికే. కాటు పడ్డ కాలికి తాడు బిగించొద్దు, కోయొద్దు, నోటితో పీల్చొద్దు. కర్రబద్ద కట్టి, కదలకుండా పడుకోబెట్టి తీసుకురమ్మంటారు డాక్టర్లు. ఎదురుమొండి దీవి మనిషిని అలా తేవాలంటే కృష్ణ పాయ దాటాలి. 108 బండి ఒడ్డున ఎదురుచూస్తుంది. పంటు మీద మోటారుసైకిళ్లను ఓ పక్కకు జరిపించి, ఆ మనిషి కాళ్లు చాపుకునేంత జాగా చేసేది పంటు నడిపేవాడే.