భోజనానికి బదులు తాగే పానీయాలు: లేబుల్ ఆధారంగా పోషక విలువను అంచనా వేయడం

పరిచయం

ఉదయం వంటకు వ్యవధి లేక, డబ్బాలోని పొడిని గ్లాసులో కలుపుకొని తాగి పనికి వెళ్ళేవారిని మీరు చూసే ఉంటారు. మీలో కొందరికి ఆ అలవాటు ఉండవచ్చు కూడా. డబ్బా ముందువైపు 'సంపూర్ణ ఆహారం' అని రాసి ఉంటుంది. అది ప్రకటన. దాని నిజానిజాలు తేల్చే సమాచారం వెనుకవైపు చిన్న అక్షరాలలో ఉంటుంది. దానిని చదివి, ఆ పానీయం భోజనానికి సమానమా, అయితే ఎవరికి అని నిర్ణయించడం ఈ భాగంలో నేర్చుకుంటారు.

1. పదార్థాల జాబితా

భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2020 లేబులింగ్ నిబంధనల ప్రకారం, పదార్థాలను బరువులో ఎక్కువ నుంచి తక్కువకు వరుసగా పేర్కొనాలి. కాబట్టి మొదటి మూడు పేర్లను శ్రద్ధగా చదవండి. అక్కడ పాలపొడి, సోయా లేదా వే ప్రోటీన్ ఉంటే ఒక రకం. చక్కెర, మాల్టోడెక్స్‌ట్రిన్ ఉంటే మరొక రకం.

మాల్టోడెక్స్‌ట్రిన్‌ను పిండి నుంచి తయారు చేస్తారు. లేబుల్‌లో ఇది చాలావరకు చక్కెరల లెక్కలోకి రాదు, కాని త్వరగా జీర్ణమై రక్తంలో గ్లూకోజ్‌ను వేగంగా పెంచుతుంది. అందువల్ల 'చక్కెర కలపలేదు' అన్న మాట చూసి మధుమేహం ఉన్నవారు నిశ్చింతగా ఉండకూడదు.

ఐఎన్ఎస్ 415 (జాంథన్ గమ్) చిక్కదనానికి, 322 (లెసిథిన్) పొడి సరిగా కలవడానికి, 955 (సుక్రలోజ్) తీపికి వాడతారు. ఇవి వాడుకకు అనుమతి ఉన్నవే. అంకె కనబడగానే భయపడనక్కరలేదు. అయితే ఇవి పోషకాలు కావని గుర్తుంచుకోండి.

2. శక్తి, మాంసకృత్తుల లెక్క

ఒక గ్రాము మాంసకృత్తులు (ప్రోటీన్లు) 4, పిండి పదార్థాలు 4, కొవ్వు 9 కిలో కాలరీల శక్తినిస్తాయి. ఒక ఊహాజనిత లేబుల్‌ను తీసుకుందాం. ఒకసారి వాడే 35 గ్రాముల పొడిలో మాంసకృత్తులు 9 గ్రా., పిండి పదార్థాలు 21 గ్రా. (ఇందులో కలిపిన చక్కెర 9 గ్రా.), కొవ్వు 2 గ్రా. ఉన్నాయి.

మొత్తం శక్తి: 36 + 84 + 18 = 138 కిలో కాలరీలు.

బరువు తగ్గడానికి ఒక భోజనానికి బదులుగా వాడే ఆహారం 200 నుంచి 400 కిలో కాలరీలు ఇవ్వాలని, అందులో 25 నుంచి 50 శాతం మాంసకృత్తుల నుంచి రావాలని అంతర్జాతీయ కోడెక్స్ ప్రమాణం చెబుతుంది. మన పొడిని నీటిలో కలిపితే మాంసకృత్తుల వాటా 26 శాతం. అది సరిపోయింది. శక్తి మాత్రం చాలలేదు.

అదే పొడిని 200 మి.లీ. టోన్డ్ పాలలో కలిపితే సుమారు 120 కిలో కాలరీలు, 6 గ్రాముల మాంసకృత్తులు అదనంగా వస్తాయి. మొత్తం 258 కిలో కాలరీలు, 15 గ్రాములు. శక్తి సరిపోయింది, మాంసకృత్తుల వాటా 23 శాతానికి తగ్గింది. డబ్బా ముందువైపు '15 గ్రాముల ప్రోటీన్' అని ఉంటే, అందులో పాల వాటా ఎంతో తప్పక చూడండి. ఆ 6 గ్రాములు మీరు విడిగా కొన్న పాలవి.

పొడి బరువులో నాలుగో వంతు చక్కెరే అన్న సంగతి కూడా గమనించండి. 9 గ్రాములంటే సుమారు రెండు చిన్న చెంచాలు.

3. ఎవరికి భోజనం?

భారత వైద్య పరిశోధన మండలి 2020 సిఫారసుల ప్రకారం, 55 కిలోల బరువుండి తేలిక పని చేసే స్త్రీకి రోజుకు 1660 కిలో కాలరీలు, సుమారు 46 గ్రాముల మాంసకృత్తులు అవసరం. ఇందులో మూడో వంతు ఒక పూటకు అనుకుంటే, సుమారు 550 కిలో కాలరీలు, 15 గ్రాములు. పాలతో కలిపిన పానీయం మాంసకృత్తులను ఇచ్చింది కాని, శక్తిని సగం కూడా ఇవ్వలేదు. బరువు తగ్గదలచినవారికి ఈ లోటే ప్రయోజనం. ఇప్పటికే బక్కపలచగా ఉన్న విద్యార్థినికి, రోజంతా నిలబడి పనిచేసే వ్యక్తికి అదే నష్టం.

పోలికకు మన వంటింటి పెసలు చూడండి. 50 గ్రాముల పెసలలో సుమారు 11 గ్రాముల మాంసకృత్తులు, 8 గ్రాముల పీచు ఉంటాయి. రెండు పెసరట్ల పిండికి ఇవి చాలు. మీ దగ్గరున్న డబ్బాలో పీచు ఎంతో చూసి పోల్చండి.

మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు, గర్భిణులు, మధుమేహానికి మందులు వాడేవారు వైద్యుని సలహా లేకుండా భోజనం మాని ఈ పానీయాలపై ఆధారపడరాదు.

సారాంశం

పదార్థాల వరుస, ఒకసారి వాడే పరిమాణం, నీరా పాలా అన్నది, శక్తిలో మాంసకృత్తుల వాటా, కలిపిన చక్కెర: ఈ ఐదింటిని చూసిన తరువాతే, తాగే వ్యక్తి అవసరంతో పోల్చి నిర్ణయానికి రావాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

ఒక పానీయం పొడి 40 గ్రాములలో మాంసకృత్తులు 12, పిండి పదార్థాలు 20, కొవ్వు 4 గ్రాములు ఉన్నాయి. నీటిలో కలిపితే అది కోడెక్స్ ప్రమాణానికి సరిపోతుందా?

జవాబు: శక్తి 164 కిలో కాలరీలు, మాంసకృత్తుల వాటా 29 శాతం. వాటా సరిపోతుంది, శక్తి చాలదు.