మెల్లగా వెళ్తేనే ఎందుకీ వణుకు?

తక్కువ వేగంలో మొరాయించే కారుకు విడిభాగాలు మార్చే ముందు జబ్బేమిటో కనిపెట్టాలి. లేదంటే పెరిగేది బిల్లే

హైవే మీద 80 కిలోమీటర్ల వేగంతో సాఫీగా దూసుకొచ్చిన కారు ఊళ్లోకి రాగానే పేచీ మొదలుపెడుతుంది. సిగ్నల్ దగ్గర ఆగితే స్టీరింగ్ వణుకుతుంది. రెండో గేరులో మెల్లగా వెళ్తుంటే కుదుపులు. ఏసీ వేస్తే ఇంజిన్ ఆగినంత పని చేస్తుంది. ఆ తర్వాతి కథ చాలామంది యజమానులకు తెలిసిందే. మొదట ప్లగ్గులు మారతాయి. తర్వాత ఇంజెక్టర్ల వంతు, ఆపైన పెట్రోలు పంపు. చివరికి 'ఈసీయూ పోయిందేమో సార్' అన్న మాట వినిపిస్తుంది. అప్పటికి వేలు ఖర్చయినా వణుకు మాత్రం అలాగే ఉంటుంది.

ఇది డబ్బుతో పోయే వ్యవహారం కాదు. యూటర్న్ తీసుకుంటుండగానో, రైలు పట్టాలు దాటుతుండగానో ఇంజిన్ ఆగితే ప్రాణాల మీదికొస్తుంది. పైగా సిలిండర్లో మండని పెట్రోలు సైలెన్సర్ గొట్టంలోని కాటలిటిక్ కన్వర్టర్‌కు చేరి, దాన్ని లోలోపల కాల్చేస్తుంది. అది మార్చాలంటే ప్లగ్గుల ఖర్చుకు ఎన్నో రెట్లు పెట్టాలి.

వేగం దాచే లోపం

ఐడ్లింగ్‌లో ఇంజిన్ నిమిషానికి సుమారు 800 చుట్లు తిరుగుతుంది. అంటే ఒక్కో సిలిండర్ సెకనుకు ఆరేడు సార్లే మండుతుంది. 3,000 చుట్ల దగ్గర అది 25 సార్లు. అప్పుడు ఒకటి తప్పినా ఇంజిన్ ఊపులో కలిసిపోతుంది. మెల్లగా తిరిగేటప్పుడు ప్రతి లోపమూ సీటు దాకా తెలుస్తుంది. మన రోడ్ల మీద ఎక్కువగా కనిపించే మూడు సిలిండర్ల చిన్న కార్లలో ఒకటి పనిచేయకపోతే మూడో వంతు బలం పోయినట్టే.

గాలి సంగతీ అంతే. ఐడ్లింగ్‌లో థ్రాటిల్ దాదాపు మూసుకుని ఉంటుంది. ఇంజిన్ పీల్చే గాలే కొద్దిగా కాబట్టి, చీలిన రబ్బరు గొట్టం గుండా దొంగచాటుగా చొరబడే గాలి లెక్కంతా తప్పిస్తుంది. యాక్సిలరేటర్ తొక్కితే అసలు గాలి ఎన్నో రెట్లు పెరిగి ఆ తేడా కనిపించదు. అందుకే 'వేగంగా వెళ్తే బానే ఉంది' అనే ఫిర్యాదే మొదటి ఆధారం.

స్క్రూడ్రైవర్ పోయింది

కార్బురేటర్ రోజుల్లో ఈ జబ్బుకు మెకానిక్ చేతిలో స్క్రూడ్రైవర్, అనుభవమున్న చెవి చాలేవి. 1999 ఏప్రిల్లో సుప్రీంకోర్టు ఢిల్లీ ప్రాంతంలో యూరో ప్రమాణాల అమలును వేగవంతం చేయడంతో ఎంపీఎఫ్‌ఐ ఇంజిన్లు ఊపందుకున్నాయి. గాలి, పెట్రోలు పాళ్లు సరిచూసే పని కంప్యూటర్‌కు వెళ్లింది. బీఎస్-4 కార్లలో 2013 నుంచి ఓబీడీ-2 తప్పనిసరైంది. విజయవాడ ఆటోనగర్ నుంచి ఢిల్లీ కశ్మీరీ గేట్ దాకా స్కానర్లు వచ్చేశాయి.

చిక్కల్లా, స్కానర్ చూపే కోడ్‌ను తీర్పు అనుకోవడంతోనే. పీ0301 అంటే ఒకటో సిలిండర్ మిస్ అవుతోందని మాత్రమే అర్థం. కారణం ప్లగ్గా, కాయిలా, ఇంజెక్టరా అన్నది అది చెప్పదు. పీ0171 అంటే గాలి పాలు ఎక్కువైందని. ఆక్సిజన్ సెన్సర్ ఆ సంగతి చెప్పిందని సెన్సర్‌నే మార్చేవారున్నారు. వార్త తెచ్చినవాణ్ని శిక్షించడమంటే ఇదే.

పైసా ఖర్చు లేని పరీక్షలు

కాయిల్ మీద అనుమానం ఉంటే కొత్తది కొనక్కర్లేదు. ఒకటో సిలిండర్ కాయిల్‌ను రెండో దానికి మార్చి కాసేపు నడపాలి. కోడ్ పీ0302కి మారితే కాయిలే దోషి. కదలకపోతే ప్లగ్గుతోనూ ఇదే ప్రయోగం. బయటకు తీసిన ప్లగ్గు కూడా చాలా చెబుతుంది: పొడి మసి పడితే పెట్రోలు ఎక్కువైనట్టు, నూనె జిడ్డుంటే ఇంజిన్ లోపలే అరుగుదల ఉన్నట్టు. ఆ రెండో సందర్భంలో కంప్రెషన్ పరీక్ష చేయించాకే మిగతా ఖర్చు.

వణుకు ఎప్పుడు వస్తుందన్నది మరో ఆధారం. ఆగి ఉన్నప్పుడే ఉండి, తొక్కగానే పోతే గాలి గొట్టాలు, థ్రాటిల్ మసి చూడాలి. ఎక్కువ గేరులో తక్కువ వేగంతో ఎత్తు ఎక్కేటప్పుడు వస్తే ప్లగ్గులు, కాయిల్. సీఎన్‌జీ మీదే వచ్చి పెట్రోలుకు మార్చగానే తగ్గితే గ్యాస్ కిట్‌తో పాటు ప్లగ్గులూ చూడాలి, గ్యాస్‌ను మండించడానికి బలమైన స్పార్క్ కావాలి మరి. ఇంజిన్ శబ్దం లయ తప్పకుండా శరీరం మాత్రమే వణికితే మౌంటింగులు అరిగాయేమో. మొదటి గేరులో కదిలేటప్పుడే కుదిపితే క్లచ్ సంగతి.

నెలల తరబడి కదలని కారైతే ట్యాంకును అనుమానించాలి. పెట్రోలులోని ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. తేమ మరీ ఎక్కువైతే నీరు, ఇథనాల్ కలిసి అడుగుకు చేరతాయి. బానెట్ కింద ఎలుకలు కొరికిన వైర్లనూ మరవకూడదు. థ్రాటిల్ శుభ్రం చేయించాక చాలా కార్లకు స్కానర్‌తో ఐడ్లింగ్‌ను మళ్లీ 'నేర్పించాలి'. లేదంటే జబ్బు ముదిరినట్టే కనిపిస్తుంది.

చెక్ ఇంజిన్ లైటు నిలకడగా వెలిగితే గ్యారేజీకి వెళ్లేంత వ్యవధి ఉన్నట్టే. వెలిగి ఆరుతుంటే మాత్రం కన్వర్టర్‌కు ముప్పు ముంచుకొచ్చిందని అర్థం, మెల్లగా పక్కకు తీసి ఆపాల్సిందే. గ్యారేజీలో 'ఏం మార్చాలి?' అని కాకుండా 'ఎలా తేల్చారు?' అని అడగండి. రెండో ప్రశ్నకు జవాబు రానిచోట మొదటి ప్రశ్నకు వచ్చే జవాబు ఊహే.