మైనస్ ఎటు చూస్తుంది?

కర్నూలు అక్షాంశం సుమారు 15.8 డిగ్రీల ఉత్తరం, రేఖాంశం 78 డిగ్రీల తూర్పు. ఫోన్ మ్యాపులో 15.8, 78 అని కొడితే కొండారెడ్డి బురుజు ఉన్న ఊరు కనిపిస్తుంది. వరుస మార్చి 78 ముందు, 15.8 తర్వాత కొట్టి చూడండి. మ్యాపు ఒక్క ఉరుకున పైకెళ్ళి, నార్వే ఏలుబడిలోని స్వాల్‌బార్డ్ దీవుల్లో ఆగుతుంది. ధ్రువపు ఎలుగుబంట్లు తిరిగే చోటు అది. ప్రపంచ దేశాల విత్తనాలను కొండ గర్భంలో దాచిన గిడ్డంగి కూడా ఆ దగ్గర్లోనే, లాంగ్‌యర్‌బీన్ ఊరి పక్కన ఉంది.

ఇంత తేడా వచ్చినా మ్యాపు ఎందుకు మాట్లాడలేదు? అక్షాంశం 90 దాటకూడదన్నదే అది చూసే హద్దు. టోక్యో రేఖాంశం 139 దాటుతుంది కాబట్టి దాన్ని అక్షాంశం స్థానంలో పెడితే యంత్రానికి అనుమానం వస్తుంది. తెలుగు రాష్ట్రాల రేఖాంశాలన్నీ దాదాపు 77, 85 మధ్యే. హద్దు లోపలే ఉన్నాయి కదా, పొరపాటు దొరకదు. కర్నూలుకు కనీసం నేలయినా దొరికింది. తారుమారైన విశాఖపట్నం 83 డిగ్రీల దగ్గర ఆర్కిటిక్ సముద్రంలో తేలుతుంది.

ఈ గందరగోళానికి మూలం రెండు అలవాట్లు. బడిలో గ్రాఫ్ కాగితం మీద బిందువును గుర్తించేటప్పుడు అడ్డం ముందు, నిలువు తర్వాత: ముందు ఎక్స్, ఆపైన వై. భూగోళం వాళ్ళు అక్షాంశం ముందు చెబుతారు. అక్షాంశం అంటే భూమధ్యరేఖ నుంచి పైకో కిందికో ఎంత దూరమన్నది, అంటే నిలువు కొలత. కాబట్టి మ్యాపులో 15.8, 78 అని రాసుకున్న కర్నూలు గ్రాఫ్ కాగితం మీద (78, 15.8) అవుతుంది. ఇందులో లోతైన సూత్రమేమీ లేదు, ఎవరి ఆనవాయితీ వారిది. పైగా కంప్యూటర్లలో మ్యాపుల సమాచారం దాచే జియోజేసన్ పద్ధతి రేఖాంశాన్నే ముందు పెడుతుంది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగులకు ఇదో నిత్య తలనొప్పి.

ఇక గుర్తుల సంగతి. ప్రపంచ పటానికి భూమధ్యరేఖ ఎక్స్-అక్షం, గ్రీనిచ్ రేఖ వై-అక్షం. అవి కలిసే మూలబిందువు ఆఫ్రికా పక్కన గినీ సింధుశాఖలో, నడి సముద్రంలో ఉంది. భూమధ్యరేఖను భూమి భ్రమణమే నిర్ణయించింది. గ్రీనిచ్ మాత్రం 1884లో వాషింగ్టన్ సమావేశంలో మనుషులు ఎంచుకున్నది. మన సిద్ధాంత జ్యోతిష గ్రంథాలు ఉజ్జయిని మీదుగా పోయే రేఖ నుంచి లెక్కించేవి. ఉజ్జయిని రేఖాంశం దాదాపు 75.8. ఆ లెక్కే కొనసాగి ఉంటే హైదరాబాద్ సుమారు +2.7, ముంబై −2.9 అయ్యేవి. ముంబైలో ఏమీ తరిగిపోలేదు. మనం నిలబడి చూసే చోటు మారింది, అంతే.

అందుకే మైనస్‌ను అప్పుగా మాత్రమే నేర్పడం నాకు నచ్చదు. ఆ ఉదాహరణ చాలా పాతది. బ్రహ్మగుప్తుడు 628లో బ్రాహ్మస్ఫుట సిద్ధాంతంలో ధన, ఋణ సంఖ్యలకు నియమాలు చెప్పింది ఆస్తి, అప్పుల రూపంలోనే. కూడికకూ తీసివేతకూ అది చక్కగా సరిపోతుంది. గుణకారం దగ్గరికొచ్చేసరికి పిల్లలు నిలదీస్తారు: అప్పును అప్పుతో గుణిస్తే ఆస్తి ఎలా అవుతుంది? న్యాయమైన ప్రశ్నే. ఇద్దరు బాకీదారులు కలిస్తే షావుకారు పుట్టడు. సిడ్నీ అక్షాంశం −33.9 అయినంత మాత్రాన ఆ ఊరు ఎవరికీ బాకీ పడలేదు.

దీనికి జవాబు లీలావతిలో ఉంది. 1150లో భాస్కరాచార్యుడు అందులో ఒక త్రిభుజం ఇచ్చాడు. భూమి 9, మిగతా భుజాలు 10, 17. శీర్షం నుంచి లంబం దించితే భూమి ఎలా విడిపోతుంది? లెక్క చేస్తే ఒక ముక్క 15, రెండోది −6. పొడవేమిటి, −6 ఏమిటి అని ఆయన దాన్ని కొట్టిపారెయ్యలేదు. ఋణమంటే ఎదురు దిక్కు అని వివరించి, లంబం 8, వైశాల్యం 36 అని తేల్చాడు. గ్రాఫ్ కాగితం మీద వేసి చూడండి. భూమిని (0, 0) నుంచి (9, 0) దాకా గీయాలి. శీర్షం (−6, 8): మూలబిందువు నుంచి ఎడమకు ఆరు గళ్ళు, అక్కణ్ణుంచి పైకి ఎనిమిది. లంబం భూమిని దాటి బయట పడింది, −6 చెప్పేది ఆ సంగతే. 6, 8 నుంచి పైథాగరస్ సూత్రంతో 10 వస్తుంది, 15, 8 నుంచి 17. నిరూపక తలం ఇంకా పుట్టని రోజుల లెక్క ఇది. 1637లో ఆ దారి తెరిచిన డెకార్ట్ కూడా సమీకరణాల ఋణ మూలాలను తప్పుడు మూలాలనే పిలిచాడు.

మైనస్ దిక్కును తిప్పుతుందని ఒప్పుకుంటే గుణకారం కూడా దారికొస్తుంది. కర్నూలును మళ్ళీ (78, 15.8)గా తీసుకుందాం. ఎక్స్ గుర్తు ఒక్కటే మారిస్తే రెండో పాదంలో, జమైకాకు దక్షిణాన కరేబియన్ సముద్రంలో పడతాం. వై గుర్తు ఒక్కటే మారిస్తే నాలుగో పాదంలో, హిందూ మహాసముద్రంలో. రెండింటినీ −1తో గుణిస్తే మూడో పాదం: పెరూ తీరానికి పడమట పసిఫిక్. ఆ గుణకారం బిందువును మూలబిందువు చుట్టూ సరిగ్గా అర చుట్టు తిప్పింది. మరోసారి −1తో గుణిస్తే ఇంకో అర చుట్టు తిరిగి కర్నూలు చేరతాం. మైనస్‌ను మైనస్‌తో గుణిస్తే ప్లస్ వస్తుందనే నియమం పటం మీద ఇలా కనిపిస్తుంది.

అయితే కర్నూలు నుంచి భూమి నడిమధ్యగా సూటిగా తవ్వుకుంటూ పోతే తేలేది కూడా పెరూ పక్కనే అనుకోకండి. అది వేరే లెక్క. అక్షాంశం గుర్తు మార్చాలి, రేఖాంశం లోంచి 180 తీసెయ్యాలి. వచ్చేది −102. సముద్రం అదే పసిఫిక్, కాని మరో 24 డిగ్రీలు పడమటికి.