మన ఒంట్లో రెండు జల్లెడలు

పిల్లలూ! ఇది పదిహేనేళ్ల కిందటి మాట. అప్పుడు నేనొక పల్లెటూరి హైస్కూలుకు హెడ్మాస్టరును. ఆరో తరగతి కుర్రవాడొకడు మూడు రోజులుగా ఉబ్బిన మొహంతో బడికి వస్తున్నాడు. కళ్ల చుట్టూ వాపు. "ఏరా, ప్రార్థన వేళకు కూడా నిద్ర తీరలేదా?" అని నలుగురిలో ఎగతాళి చేశాను. అందరూ నవ్వారు. వాడు తల వంచుకున్నాడు. నాలుగో రోజున వాడి తండ్రి వచ్చి, "మేష్టారూ, పిల్లవాణ్ణి పట్నంలో ఆస్పత్రిలో చేర్చామండీ. మూత్రం కాఫీ డికాక్షన్‌లా వస్తున్నది. మూత్రపిండాల జబ్బట," అన్నాడు.

ఇరవై ఏళ్లుగా పాఠాలు చెబుతున్న నాకు, అది నిద్రమొహం కాదని తెలియలేదు! ఆ సిగ్గుతోనే మూత్రపిండాలను గురించి చదవటం మొదలుపెట్టాను. నేను నేర్చుకున్నది మీకూ చెబుతాను.

నడుముకు కాస్త పైన, వెన్నెముకకు అటొకటి, ఇటొకటి, చిక్కుడు గింజ ఆకారంలో మనకు రెండు మూత్రపిండాలున్నవి. పెద్దవాళ్లలో ఒక్కొక్కటి పిడికిలంత ఉంటుంది. తూకం సుమారు 150 గ్రాములు. చూడటానికి చిన్నవే గాని, గుండె తోసే రక్తంలో దాదాపు అయిదోవంతు వీటికే వెళుతుంది. ఎందుకని?

మనం తిన్న పప్పు, గుడ్డు, పాలు ఒంటికి పట్టిన తరువాత, యూరియా అనే మలినం మిగులుతుంది. అది రక్తంలో పేరుకుంటే ప్రాణానికే ముప్పు. దాన్ని వడకట్టటానికి ఒక్కొక్క మూత్రపిండంలో సుమారు 10 లక్షల నెఫ్రాన్లున్నవి. ప్రతి నెఫ్రాన్‌కూ మొదట్లో సన్నని రక్తనాళాల చుట్ట ఒకటి, దాని వెనక పొడుగాటి గొట్టం ఒకటి ఉంటవి. ఆ చుట్టే జల్లెడ.

సంక్రాంతికి ఇల్లు దులిపేటప్పుడు అమ్మ ఏం చేస్తుంది? చిన్న సామానంతా బయట పెట్టి, కావలసినవి తిరిగి లోపల సర్ది, చెత్తను పారవేస్తుంది. మూత్రపిండాలు చేసేదీ అదే. రక్తకణాలూ, మాంసకృత్తులూ పెద్దవి గనుక జల్లెడ దాటవు. నీరు, ఉప్పు, చక్కెర, యూరియా దాటుతవి. ఇలా రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవం వడపోతకు వస్తుంది. బిందెకు 15 లీటర్లు పట్టేననుకుంటే, పన్నెండు బిందెలన్నమాట! గొట్టాలు అందులోనుంచి చక్కెర యావత్తూ, నీరూ ఉప్పూ కావలసినంతా తిరిగి రక్తంలోకి పీల్చుకుంటవి. చివరకు ఒకటిన్నర లీటరు మాత్రం మూత్రంగా వెలుపలికి పోతుంది. ఇదిగాక రక్తపుపోటును అదుపులో ఉంచటం, ఎర్ర కణాలను తయారు చేయమని ఎముకల మూలుగకు కబురంపటం కూడా మూత్రపిండాల పనే.

మరి మా కుర్రవాడికి ఏమైంది? "మూడు వారాల కిందట వీడి కాళ్లకు పుండ్లు లేచినవా?" అని డాక్టరుగారు అడిగారట. లేచిన మాట నిజమే. వాటినెవరూ పట్టించుకోలేదు. ఆ పుండ్లలోని క్రిములతో పోరాడటానికి ఒళ్లు తయారు చేసిన పదార్థాలు, క్రిముల శకలాలతో ముద్దకట్టి, జల్లెడలలో చిక్కుకున్నవి. జల్లెడలు వాచినవి. దాటకూడని రక్తం మూత్రంలోకి దాటింది; పోవలసిన నీరు ఒంట్లో నిలిచి మొహం ఉబ్బింది. గొంతునొప్పి తరువాత కూడా కొందరు పిల్లలకు ఇలా జరుగుతుంది. వైద్యం అందితే నూటికి తొంభై మంది పైగా కోలుకుంటారు.

పెద్దవాళ్ల మూత్రపిండాలకు ముఖ్యమైన శత్రువులు రెండు: చక్కెర వ్యాధి, రక్తపుపోటు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, కొబ్బరి, జీడి తోటల మధ్య, ఈ రెండూ లేనివారు కూడా ఎందరో ఈ జబ్బున పడ్డారు. దాని కారణం ఇదీ అని శాస్త్రజ్ఞులు ఇంకా తేల్చలేదు. ఎక్కడైనా చిక్కు ఒక్కటే: మూత్రపిండాలు సగం చెడినా నొప్పి అనవు. రక్త పరీక్ష, మూత్ర పరీక్ష చేయించితేనే వాటి మాట మనకు వినిపిస్తుంది.

రెండూ పూర్తిగా పాడైతే? 1938లో హాలెండు దేశంలో కోల్ఫ్ అనే యువ వైద్యుని ఎదుట 22 ఏళ్ల రైతుబిడ్డ ఒకడు ఇలాగే చనిపోయాడు. 'రోజుకు 20 గ్రాముల యూరియా తీయగలిగితే ఇతడు బతికేవాడు గదా!' అనుకున్నాడాయన. యుద్ధం వచ్చింది. సామాను దొరకదు. అయినా సాసేజీలకు తొడిగే సెలొఫేన్ గొట్టాన్ని ఒక పీపాకు చుట్టి, ఉప్పునీళ్ల తొట్టిలో తిప్పుతూ, గొట్టంలో రక్తాన్ని నడిపి, 1943లో కృత్రిమ మూత్రపిండం తయారు చేశాడు. మొదటి రోగులు దాదాపు అందరూ చనిపోయారు. ఆయన మానలేదు. 1945లో స్పృహ తప్పిన 67 ఏళ్ల స్త్రీ ఒకామె కళ్లు తెరిచింది! నేటి డయాలిసిస్‌కు అదే మొదలు. 1954లో అమెరికాలోని బోస్టన్‌లో డాక్టర్ మర్రే, కవల సోదరుల్లో ఒకడి మూత్రపిండం తీసి రెండోవాడికి అమర్చాడు. ఆరోగ్యవంతుడికి ఒక్కటున్నా చాలును గనుక ఇచ్చినవాడూ క్షేమంగా ఉన్నాడు.

పిల్లలూ! దాహమైతే నీళ్లు తాగండి. మూత్రం వస్తే ఆపుకోకండి. పుండ్లు లేస్తే కడిగి మందు వేయించుకోండి. మొహం వాచినా, మూత్రం ఎర్రగా వచ్చినా, మంట పుట్టినా సిగ్గుపడక అమ్మకు చెప్పండి. తల్లిదండ్రులకు ఒక మనవి: డాక్టరును అడగకుండా నొప్పి బిళ్లలు రోజుల తరబడి మింగకండి, మింగించకండి. మీ పిల్లల బడిలో మరుగుదొడ్డి శుభ్రంగా ఉన్నదో లేదో ఒకసారి చూసి రండి. అది బాగా లేకనే చాలామంది ఆడపిల్లలు సాయంత్రందాకా నీళ్లు ముట్టరు.

రెండు నెలలకు మా కుర్రవాడు బడికి వచ్చాడు. నలుగురిలో ఎగతాళి చేశాను గనుక, నలుగురిలోనే, ప్రార్థన వేళ, "తప్పు నాదిరా," అన్నాను. అంతకుముందు పాఠం మధ్యలో "ఒంటికండీ" అని ఎవరైనా చెయ్యెత్తితే కసిరేవాణ్ణి. ఆ రోజునుంచి ఎవరినీ ఆపలేదు.