ఆపినా ఆగని మీటరు
క్లౌడ్ ఖర్చులపై కన్నేసే ఏఐ సహాయకుడు
కొత్తగా నేర్చుకునేవారికి అండ

చెన్నై: ''నాన్నా... ఆపేశాననే అనుకున్నా''
''ఆపేస్తే బిల్లెందుకొచ్చిందిరా?''

సూళ్లూరుపేటలోని ఓ ఇంట్లో తండ్రీకొడుకుల మధ్య సాగిన సంభాషణ ఇది. కుర్రాడు చెన్నైలో ఇంజినీరింగ్ చివరి ఏడాది చదువుతున్నాడు. తెల్లారకముందే లోకల్ రైలెక్కితే ఇంటికి చేరేది పొద్దుపోయాకే. ప్రాజెక్టు కోసం ఓ క్లౌడ్ సంస్థలో ఖాతా తెరిచాడు. కార్డు నంబరు అడిగితే నాన్నది ఇచ్చాడు. ప్రాజెక్టు చూపించాడు, మార్కులూ పడ్డాయి. సర్వరు ఆపేసి, అంతటితో సరి అనుకున్నాడు. రెండు నెలలకు తండ్రి ఫోనులో సందేశం మోగింది. కార్డు నుంచి రూ.5 వేల వరకు కోత! చిన్న కిరాణా కొట్టు మీద నడిచే ఆ ఇంట్లో ఇది చిన్న మొత్తమేమీ కాదు. డబ్బు సంగతి అటుంచితే, తండ్రి అడిగిన ప్రశ్నకు కొడుకు దగ్గర జవాబు లేకపోయింది.

గంటల లెక్కన అద్దె

సొంతంగా కంప్యూటరు కొనకుండా, ఎక్కడో ఉన్న పెద్ద కంప్యూటర్లను వాడుకున్నంత సేపు అద్దెకు తీసుకోవడమే క్లౌడ్. మన ప్రాంతానికి ఇది కొత్తేమీ కాదు. మైక్రోసాఫ్ట్ 2015లోనే చెన్నైలో తన క్లౌడ్ కేంద్రాన్ని ప్రారంభించింది. అమెజాన్ 2016లో ముంబయిలో, 2022లో హైదరాబాదులో అడుగుపెట్టింది. ఓఎంఆర్ వెంట ఉద్యోగం కావాలంటే క్లౌడ్ తెలిసి ఉండాల్సిందే. అందుకే నెల్లూరు, తిరుపతి, చిత్తూరు ప్రాంతాల నుంచి వచ్చిన విద్యార్థులు ఎవరికి వారే ఖాతా తెరిచి నేర్చుకుంటున్నారు. చిక్కంతా ఇక్కడే. సర్వరు ఒక్కటే అద్దెకు తీసుకున్నామనుకుంటారు. దాని వెంట డిస్కు, చిరునామా, దారి... ఒక్కోదానికీ ఒక్కో మీటరు.

చాప కింద నీరులా...

అమెజాన్ లెక్కలే చూద్దాం. సర్వరును ఆపినా దానికి తగిలించిన డిస్కుకు అద్దె పడుతూనే ఉంటుంది. ఇంటర్నెట్‌లో కనిపించే ఐపీ చిరునామాకు 2024 ఫిబ్రవరి 1 నుంచి గంటకు అర సెంటు వసూలు చేస్తున్నారు. చూడ్డానికి ఎంతో తక్కువ. నెల తిరిగేసరికి 3.6 డాలర్లు. నాట్ గేట్‌వే అనే దారికి అమెరికాలోని వర్జీనియా కేంద్రంలో గంటకు 4.5 సెంట్లు. అంటే ఎవరూ వాడకపోయినా నెలకు 32 డాలర్ల పైమాటే. ఇక డేటాబేస్‌ది మరో తంతు. దాన్ని ఆపితే ఏడు రోజులే విశ్రాంతి. ఆ తర్వాత తనంతట తానే మళ్లీ మొదలవుతుంది. కొత్తవారిలో ఈ సంగతి తెలిసినవారు తక్కువే.

హద్దు దాటితే మెయిల్ పంపే ఏర్పాటు క్లౌడ్ సంస్థల్లో ఉంది. అయితే అది హెచ్చరిక మాత్రమే, దానంతట అదే ఖర్చును ఆపదు. పైగా అమెజాన్ బడ్జెట్ లెక్కలు రోజుకు గరిష్ఠంగా మూడుసార్లే తాజా అవుతాయి. రెండు నెలల కరెంటు బిల్లు చూసి గతుక్కుమన్న అనుభవం చెన్నైలో కాపురముంటున్న చాలామందికి ఉంటుంది. ఏసీ ఎవరు ఆపలేదో అప్పుడు తెలిసి ఏం లాభం? చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే.

దెబ్బ తిన్నవాడే వైద్యుడు

ఈ అనుభవంతోనే ఆ విద్యార్థి ఇద్దరు స్నేహితులతో కలిసి ఓ ఏఐ ఏజెంటును తయారు చేస్తున్నాడు. అప్పగించిన పనిని తానే అంచెలంచెలుగా చేసుకుపోయే సాఫ్ట్‌వేర్‌నే ఏజెంటు అంటున్నారు. దీనికి వారు పెట్టుకున్న నియమాలు నాలుగు.

మొదటిది, బిల్లు కోసం కాచుక్కూర్చోకూడదు. ఖాతాలో ఈ క్షణాన ఏమేం నడుస్తున్నాయో చూసి, వాటి గంట ధరలతో గుణించి ముందే చెప్పాలి. బిల్లు కాదు, మీటరు చూడాలన్నమాట.

రెండోది, లెక్క కట్టే పని ఏఐకి ఇవ్వకూడదు. అంకెల దగ్గర అది తడబడే ప్రమాదముంది. పైగా దాన్ని పిలిచిన ప్రతిసారీ ఖర్చే. ఖర్చు తగ్గించేందుకు పెట్టినదే కొత్త ఖర్చయితే మొదటికే మోసం. కూడికలు, గుణకారాలు మామూలు ప్రోగ్రామే చేస్తుంది. తేలిన లెక్కను వివరించడం వరకే ఏఐ వంతు.

మూడోది, తాళాలన్నీ దాని చేతికి ఇవ్వకూడదు. చూసే అనుమతే తప్ప చెరిపే అనుమతి ఉండదు. పొదుపు పేరుతో డిస్కు తీసేస్తే ఏడాది కష్టం గంగపాలవుతుంది. ఏది తీసేయాలో ఏజెంటు చెబుతుంది. తీయాల్సింది మనిషే.

నాలుగోది, సందేశం కార్డు యజమానికీ వెళ్లాలి. అది ఆయనకు అర్థమయ్యే భాషలో ఉండాలి.

ముడిసరకు ఊళ్లోనే

ఇలాంటి పనికి చెన్నై అనువైన చోటు. జోహో సంస్థ ఇప్పటికే క్లౌడ్‌స్పెండ్ పేరుతో కంపెనీల క్లౌడ్ ఖర్చులను లెక్కగట్టే ఉత్పత్తిని నడుపుతోంది. 2025లో ఏజెంట్లను తయారు చేసుకునే జియా ఏజెంట్ స్టూడియోనూ ప్రకటించింది. ఐఐటీ మద్రాసులోని ఏఐ4భారత్ బృందం 2023లో విడుదల చేసిన ఇండిక్‌ట్రాన్స్2 అనువాద నమూనా తెలుగు సహా 22 భారతీయ భాషలకు పనికొస్తుంది. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. పెద్ద కంపెనీల్లో ఖర్చు చూసేందుకు ప్రత్యేక బృందాలే ఉంటాయి. మొదటి ఖాతా తెరిచే విద్యార్థికి అలాంటి తోడు లేదు. ఏజెంటు పూరించాల్సిన లోటు అదే.

ఇవి మరవొద్దు

* 2025 జులై 15 నుంచి తెరిచిన కొత్త ఖాతాలకు అమెజాన్ గరిష్ఠంగా 200 డాలర్ల క్రెడిట్లు ఇస్తోంది. ఉచిత ప్లాను ఆరు నెలలకు గానీ, క్రెడిట్లు అయిపోగానే గానీ ముగుస్తుంది. చెల్లింపు ప్లానుకు మారే ముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి.
* మైక్రోసాఫ్ట్ విద్యార్థి ఖాతాకు కార్డు అక్కర్లేదు. 100 డాలర్ల క్రెడిట్ వస్తుంది.
* ఖాతా తెరిచిన రోజే బడ్జెట్ హెచ్చరిక పెట్టుకోవాలి.
* పని ముగిశాక ఆపడంతో సరిపెట్టుకోవద్దు. డిస్కు, చిరునామా, గేట్‌వే ఉన్నాయేమో చూసి, అవసరం లేనివి తొలగించాలి.

కుర్రాళ్ల ఏజెంటు ఇంకా పరీక్షల దశలోనే ఉంది. రాత్రి 9 గంటలకు తండ్రి ఫోనుకు నాలుగు ముక్కలు వస్తున్నాయి. ''సర్వరు ఆగింది. డిస్కు ఆగలేదు. ఇలాగే ఉంచితే నెలకు 8 డాలర్లు. మీ అబ్బాయిని అడగండి.'' కొట్టు కట్టేసి ఇంటికి వచ్చిన ఆయన అది చదివి కొడుకును పిలుస్తున్నాడు. అడిగేది పాత ప్రశ్నే. ఇప్పుడు బిల్లు రాకముందే అడుగుతున్నాడు, కొడుకు దగ్గర జవాబూ ఉంటోంది.