చిన్న ఇంజను నిజమైనదిగా ఎలా కనిపిస్తుంది?

భారతీయ రైల్వేలలో దశాబ్దాల పాటు పనిచేసిన డబ్ల్యుడిఎం-2 డీజిల్ ఇంజను పొడవు సుమారు 17 మీటర్లు, బరువు దాదాపు 113 టన్నులు. ప్రతి కొలతనూ 87తో భాగించి నమూనా నిర్మించే పద్ధతిని హెచ్‌ఓ స్కేలు అంటారు. ఆ లెక్కన పొడవు 20 సెంటీమీటర్లకు కొంచెం తక్కువగా వస్తుంది, బరువు మాత్రం 87ను 87తో, మళ్లీ 87తో గుణించగా వచ్చే సంఖ్య మేరకు తగ్గి 171 గ్రాముల దగ్గర ఆగుతుంది. అంత తేలికైన ఇంజను చక్రాలు పట్టాలపై జారకుండా, లోపల లోహపు దిమ్మను అమర్చడం పరిపాటి.

మన బ్రాడ్‌గేజి పట్టాల మధ్య దూరం 1676 మిల్లీమీటర్లు కనుక నమూనాకు 19.3 మిల్లీమీటర్లు ఉండాలి; కానీ హెచ్‌ఓ పట్టాలు 1435 మిల్లీమీటర్ల విదేశీ గేజిని అనుసరించి 16.5 మిల్లీమీటర్లకే తయారవుతాయి కాబట్టి, వాటిపై నిలిపిన మన ఇంజను ఇరుకు చెప్పులు తొడుక్కున్నట్లు కనిపించక తప్పదు.

అన్నిటికంటే సున్నితమైనది రంగు. పదో వంతు మిల్లీమీటరు మందం పూత అసలు ఇంజనుపై దాదాపు 9 మిల్లీమీటర్ల పొరతో సమానమై రివెట్లను, అంటే రేకులను కలిపే మేకుల తలలను, కప్పేస్తుంది. అందుకే గాలితో రంగును తుంపరగా చిమ్మే ఎయిర్‌బ్రష్ వాడతారు. తళతళలాడే నమూనా ఎంతైనా బొమ్మే. పొగగొట్టం చుట్టూ మసి, చక్రాల చట్రమైన బోగీపై బ్రేకుల నుంచి రాలే గోధుమరంగు ధూళి, పలుచని నల్లరంగు ఇంకిన సందులు చేరినప్పుడే దానికి వయసు వస్తుంది.