సీటు మరచిపోతున్నదా? ముందు లెక్క సరిచూడండి

ఒకే కారును ఇంట్లో ఇద్దరు నడుపుతున్నప్పుడు సీటు దగ్గర పేచీ తప్పదు. ఆరడుగుల భర్త దిగిన తరువాత ఐదడుగుల భార్య ఎక్కితే బ్రేకు పెడల్ కాలికి అందదు, వెనుకవైపు చూపే అద్దంలో కారు పైకప్పు తప్ప మరేదీ కనిపించదు. ఈ ఇబ్బందిని తీర్చడానికే మెమరీ సీటు పుట్టినది. అమెరికాలో 1957 నాటి క్యాడిలాక్ ఎల్డొరాడో బ్రూమ్ కారులోనే ఇటువంటి సౌకర్యం ఉండేది. మన దేశంలో చాలాకాలం ఇది మిక్కిలి ఖరీదైన కార్లకే పరిమితమైనది. 2021లో వచ్చిన మహీంద్రా ఎక్స్‌యూవీ 700, 2022లో వచ్చిన టొయోటా ఇన్నోవా హైక్రాస్ వంటివాటి పై రకాలతో ఇది మధ్యతరగతి ఇళ్ళ ముంగిళ్ళకు కూడ చేరినది. బెంగళూరు, చెన్నై నగరాలలో నాలుగైదేళ్ళు తిరిగిన పెద్ద కార్లను మన సరిహద్దు పట్టణాలవారు సెకండ్‌హ్యాండులో కొంటున్నారు. వాటితోపాటు ఒక ఫిర్యాదు కూడ వస్తున్నది: ఒకటవ నంబరు మీట నొక్కితే సీటు ఒకనాడు సరిగా వస్తుంది, మరునాడు నాలుగంగుళాల అవతల ఆగుతుంది, ఇంకొకనాడు కదలనే కదలదు.

ఈ ఫిర్యాదుతో వర్క్‌షాపుకు వెళితే తరచు వినిపించే సమాధానం, "మాడ్యూలు మార్చాలి" అన్నది. దాని వెల వేలల్లో ఉంటుంది. మాడ్యూలు చెడిపోవడం అసాధ్యమేమీ కాదు; కాని అనుమానించవలసిన వాటిలో అది చివరిది. ఎందుకో తెలియాలంటే సీటు ఎట్లా గుర్తుంచుకొంటున్నదో చూడవలసి ఉంటుంది.

మెమరీ అనే మాట విని, సీటు తాను ఆగిన చోటును చూచి మనసులో పెట్టుకొంటున్నదని భావిస్తాము. అది చేసేది లెక్కపెట్టడం మాత్రమే. ముందు వెనుకలకు జరపడానికి ఒకటి, ఎత్తుకు ఒకటి, వీపు వాలుకు ఒకటి చొప్పున సీటులో చిన్న చిన్న మోటార్లు ఉంటాయి. ఇటీవలి కార్లలో చాలామట్టుకు మోటారు ఇరుసుపై ఒక అయస్కాంతాన్ని, దానికెదురుగా హాల్ సెన్సారును అమర్చుతారు. 1879లో ఎడ్విన్ హాల్ కనుగొన్న సూత్రమే దీనికి ఆధారం. ఇరుసు తిరిగినప్పుడల్లా సెన్సారు నుండి సంకేతాలు వెలువడుతాయి. మాడ్యూలు అనే ఎలక్ట్రానిక్ పెట్టె వాటిని లెక్కించి, ఒకటవ నంబరు అంటే మొదటి కొస నుండి ఇన్ని సంకేతాల దూరమని వ్రాసుకొంటుంది.

కళ్ళకు గంతలు కట్టుకొని, గోడ నుండి అడుగులు లెక్కపెట్టుకొంటూ నడిచే పిల్లవానిని ఊహించుకోండి. నలభై అడుగులు వేస్తే బల్ల వస్తుందని అతనికి తెలుసు. నడిమధ్యలో ఎవరైనా పక్కకు నెట్టితే లెక్క తప్పుతుంది. తరువాత ఎంత శ్రద్ధగా నడిచినా బల్ల దగ్గరకు చేరలేడు. అతని జ్ఞాపకశక్తికి లోపమేమీ లేదు. నలభై అన్న సంఖ్య అతనికి గుర్తే. ఎక్కడి నుండి నలభై అన్నదే పోయినది. తిరిగి గోడను తాకి మొదలుపెడితే సరిపోతుంది. సీటు విషయమూ అంతే.

(కొన్ని పాత కార్లలో హాల్ సెన్సారుకు బదులు పొటెన్షియోమీటరు ఉంటుంది. పాత రేడియోలో శబ్దం పెంచే బిరడా అరిగితే గరగరమన్నట్లే, ఇది అరిగినచోట తప్పు కొలత చూపుతుంది. దానిని మార్చవలసినదే.)

లెక్క తప్పించేవాటిలో మొదటి ముద్దాయి బ్యాటరీ. ఇంజను ఆపి కొన్ని గంటలు నిలిపిన తరువాత మంచి బ్యాటరీ 12.6 వోల్టుల దరిదాపులలో చూపాలి. 12.2కు దిగితే సగం ఖాళీ అయినట్లు. 12కు లోబడితే దాదాపు అయిపోయినట్లే. తలుపు తీయగానే లేదా స్టార్టు చేయగానే సీటు తన స్థానానికి కదిలే ఏర్పాటు కొన్ని కార్లలో ఉన్నది. సరిగ్గా ఆ క్షణాననే స్టార్టరు మోటారు విద్యుత్తునంతా లాగుతుంది. బలహీనమైన బ్యాటరీలో వోల్టేజి ఒక్కసారిగా పడిపోయి, మాడ్యూలు కనురెప్పపాటు ఆగి మళ్ళీ మేలుకొంటుంది. లెక్క అక్కడ పోతుంది. చలికాలపు ఉదయం తప్పి, మధ్యాహ్నం సరిగా పనిచేసే సీటును చూస్తే ముందుగా బ్యాటరీ వయసు అడగండి. మన ఎండలకు మూడు నాలుగేళ్ళు దాటిన బ్యాటరీని నమ్మడం కష్టం. బ్యాటరీ తీసి మార్చిన తరువాత కూడ చాలా కార్లలో సీటుకు కొసలు తిరిగి నేర్పవలసి ఉంటుంది. ఈ సంగతి బ్యాటరీ అమ్మేవారు సాధారణంగా చెప్పరు.

రెండవది తాళంచెవి. ఇది యంత్రదోషం కాదు, సంసారపు చిక్కు. కొన్ని కార్లలో ఒక్కొక్క తాళంచెవికి ఒక్కొక్క సీటు స్థానం ముడిపడి ఉంటుంది. భార్య చేతిసంచిలో రెండు తాళంచెవులూ ఉంటే కారు ఏది ముందు గుర్తిస్తే దాని ప్రకారం సీటును జరుపుతుంది. నాకు తెలిసిన ఒక ఉపాధ్యాయుల జంట ఇదే కారణంగా రెండు నెలలు వర్క్‌షాపు చుట్టూ తిరిగినారు. రెండవ తాళంచెవిని ఇంట్లో బీరువాలో పెట్టి వారం రోజులు నడిపిన తరువాత తెలిసినది, సీటుకు ఏ జబ్బూ లేదని.

దీనికి తోడుగా మరొక అపోహ ఉన్నది. దిగేవారికి వీలుగా, ఇంజను ఆపగానే సీటు తనంతట తాను వెనుకకు జరిగే ఏర్పాటు కొన్ని కార్లలో ఉంటుంది. అట్లా వెనుకకు పోయిన సీటును చూచి మరచిపోయినదనుకొని, ఆ స్థితిలోనే మళ్ళీ మెమరీలో పెట్టేవారు ఉన్నారు. మరునాడు సీటు వారు చెప్పినచోటికే వస్తుంది, వారు కోరుకొన్నచోటికి కాదు! చాలా కార్లలో బండి నడుస్తుండగా మెమరీ మీట పనిచేయదు. గేరు పార్కులో ఉండాలనో, హ్యాండ్‌బ్రేకు వేసి ఉండాలనో నియమం ఉంటుంది. కొన్నింటిలో సీటు చేరేవరకు మీటను వదలకుండా పట్టుకోవాలి. మాన్యువల్ పుస్తకంలో ఆ పుట ఒకసారి చదివితే సగం సందేహాలు అక్కడే తీరుతాయి.

ఇక సీటు క్రిందికి వంగి చూడండి, చేతిలో టార్చిలైటుతో. నీళ్ళ సీసా, గొడుగు, పిల్లల బొమ్మ, నాణెం, వేరుసెనగ పొట్టు, ఏదైనా ఉండవచ్చు. సీటు దేనికైనా తగిలి ఆగితే మాడ్యూలు మోటారును ఆపివేస్తుంది. కొసలు నేర్పే సమయంలోనే అడ్డు తగిలితే ఆ సీసానే కొస అని నేర్చుకొనే ప్రమాదమూ ఉన్నది. సండూరు, హొసపేట వైపు ఖనిజపు లారీల మధ్య తిరిగే కార్లలో పట్టాలపై ఎర్రధూళి గ్రీజుతో కలిసి ముద్దకడుతుంది. దానిని గుడ్డతో తుడవాలి.

అన్నిటికంటె ఎక్కువగా అనుమానించవలసినది బయట వేయించిన సీటు కవర్లను. వాటి పట్టీలను, కొక్కేలను క్రింది తీగల మీదుగా బిగించి కడతారు. సీటు జరిగినప్పుడల్లా పట్టీ తీగను లాగుతుంది, కనెక్టరు వదులవుతుంది. కవరు వేయించిన నెలలోపు సీటు తప్పులు మొదలైతే వేరే సాక్ష్యం అక్కరలేదు. కారులోపల నీళ్ళుపోసి కడిగించినా, ఏసీ నీరు లోపలికి కారినా కనెక్టరు పిన్నులకు పచ్చని చిలుము పడుతుంది. ఎలుకలు కొరికిన తీగల సంగతి చెప్పనక్కరలేదు.

అయితే చూడవచ్చును గాని ఊడదీయరాదు. సీటు క్రింద పసుపురంగు కనెక్టరు కనిపిస్తే అది పక్క ఎయిర్‌బ్యాగుది, లేదా బెల్టు బిగించే సాధనానిది. దానిని ఇంట్లో ఎవరూ తాకరాదు. తెలిసిన మెకానిక్కు కూడ బ్యాటరీ తీగ తీసి, తయారీదారు చెప్పినన్ని నిమిషాలు ఆగిన తరువాతనే దానిపై చేయివేస్తాడు.

అడ్డులన్నీ తొలగించి, బ్యాటరీ సరిచూచిన తరువాత సీటుకు గోడను తాకించాలి. ఇంజను నడుస్తుండగా, కారు నిలిపి, వెనుక సీటులో ఎవరూ లేకుండా చూచుకొని, చేతిస్విచ్చుతో సీటును పూర్తిగా ముందుకు పోనిచ్చి, ఆగిన తరువాత కూడ కొన్ని సెకండ్లు స్విచ్చును పట్టుకోవాలి. తరువాత పూర్తిగా వెనుకకు. అట్లే ఎత్తును, వీపు వాలును రెండు కొసలకూ. తరువాత మీకు కావలసిన స్థానాన్ని కొత్తగా మెమరీలో పెట్టాలి. అనేక కార్లకు ఇది చాలు. కొన్నింటికి మాత్రం వర్క్‌షాపులోని స్కానరు కావాలి.

అప్పటికీ తప్పితే చిన్న ప్రయోగం చేయండి. ఒకటవ నంబరులో సీటు ఆగినచోట పట్టా పక్కన సుద్దముక్కతో గీత గీయండి. వెనుకకు జరిపి, మీటతో తిరిగి రప్పించి, మళ్ళీ చూడండి. ఇట్లా పదిసార్లు చేసి తేడాను స్కేలుతో కొలచి కాగితంపై వ్రాయండి. ప్రతిసారీ ఒకే వైపుకు కొంచెం కొంచెంగా జరుగుతూ పోతే ఏదో ఒక సెన్సారు సంకేతాలను ఎగరగొడుతున్నదని అనుమానించాలి. తొమ్మిదిసార్లు సరిగా వచ్చి ఒక్కసారి ఎక్కడికో పోతే విద్యుత్తు సరఫరానో, తాళంచెవో చూడాలి. వీపు వాలు సరిగా ఉండి ముందు వెనుకల కదలిక మాత్రమే తప్పితే దోషం ఆ ఒక్క మోటారుదో, దాని తీగదో. స్విచ్చు నొక్కినప్పుడల్లా సీటు కొద్దిగా కదిలి ఆగిపోతుంటే, మోటారు తిరుగుతున్నా సంకేతం రావడంలేదని మాడ్యూలు దానిని ఆపుతున్నదని అర్థం. ఆ కాగితాన్ని మెకానిక్కు చేతికివ్వండి. మీరు కన్నడంలో మాట్లాడినా తమిళంలో మాట్లాడినా, "సీటు సరిగా లేదు" అన్న ఒక్కమాటతో అతడు మాడ్యూలు దగ్గరకే పరుగెత్తుతాడు; పది అంకెలు చూస్తే ముందు తీగలు పట్టి చూస్తాడు.

ఒక్క సందర్భంలో మాత్రం ఈ ప్రయోగాలేవీ వద్దు. కారు నడుస్తుండగా సీటు తనంతట తాను కదిలితే, అది ఒక్కసారే అయినా సరే, పక్కకు నిలపండి. బ్రేకుపై నుండి కాలు అందకుండా పోయే సీటుతో ప్రయాణం చేయరాదు. మరమ్మతు అయ్యేవరకు మెమరీ మీట ముట్టకపోవడం చాలదు. సీటు విద్యుత్తును వర్క్‌షాపువారితో పూర్తిగా తప్పించి, సురక్షితమైన స్థానంలో నిలిపి ఉంచుకోవాలి.

చివరకు మాడ్యూలే చెడినదని తేలితే, పాత సామాను అంగళ్ళలో చవకగా దొరికిన దానిని తెచ్చే ముందు ఒకటి విచారించండి. చాలా కార్లలో కొత్త మాడ్యూలును ఆ కారుకు స్కానరుతో పరిచయం చేయవలసి ఉంటుంది. మీ వర్క్‌షాపువారు ఆ పని చేయగలరా, దాని కూలి ఎంత, తీసిన పాత పెట్టెను మీకు తిరిగి ఇస్తారా అన్నవి డబ్బు చెల్లించక ముందే అడిగి, బిల్లులో వ్రాయించుకోండి.